అవ్వ పేరుతో అమ్మిన కారం

రూతమ్మ చనిపోయిన సంగతి నాకు చెప్పిన మనిషికి, తాను నాకు ఏం చెబుతున్నాడో తెలియదు. అతను మా పుత్తూరు బ్రాంచి మేనేజరు. సొంతూరు కార్వేటినగరం పక్కన ఒక పల్లె. సెలవు చీటీ పట్టుకొని నా గదిలోకి వచ్చి, "మా ఊళ్ళో ఒక పెద్దామె పోయింది సార్, రేపు మట్టి చేస్తారు. మీకు తెలిసే ఉంటాది. మన మొదటి హోటల్లో బోకులు తోమేదంట" అన్నాడు. బోకులంటే మా వైపు వంటపాత్రలు. పేరేమిటని అడిగాను. రూతమ్మ అన్నాడు. బోకులు తోమేదని నీకెవరు చెప్పినారని అడిగాను. "ఆమే చెప్పేది సార్. బస్సులో పోతా మన బోర్డు కనపడితే, నేను ఆడ బోకులు తోమినానబ్బా అనేది. ఊళ్ళో అందరికీ తెలుసు" అన్నాడు. చీటీ మీద సంతకం పెట్టి పంపించేశాను. ఆ అబద్ధం నాది. నేను ఒకే ఒక్కసారి ఆడిన అబద్ధాన్ని ఆమె చచ్చిపోయేదాకా కాపాడింది.

నా ఎదురుగా గోడ మీద మా అవ్వ ఫోటో ఉంది. మా హోటళ్ళు అన్నింటిలోనూ ఆ ఫోటో ఉంటుంది, దాని కింద నాలుగు వాక్యాల కథ ఉంటుంది. చిత్తూరులో మా అవ్వ రోట్లో నూరిన ఎర్రకారాన్ని దోస మీద పూసి పెట్టేదనీ, ఆ చేతి రుచే ఈ సంస్థకు పునాది అనీ ఆ కథ చెబుతుంది. దాన్ని రాసింది నేనే. నిజానికి మా అవ్వ దోసలు పోయడం ఏడాదికి మూడు నాలుగు సార్లు. పోసినప్పుడు అవి పెనానికి అతుక్కొని, గీకితే పిండిముద్దలై లేచేవి. పళ్ళు ఊడిపోయినాక ఆమె కారం జోలికే పోలేదు. రాగిసంగటి మజ్జిగలో పిసుక్కొని తాగేది. ఆమెకు తెలిసిన విద్య వేరు. తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళు చల్లి, కాఫీగింజలు తానే వేయించి మరలో తిప్పేది. ఇల్లంతా ఆ వాసన కమ్ముకున్నాక ఒక్కొక్కరం లేచేవాళ్ళం. పనికి వచ్చినవాళ్ళకు కాఫీ పోయడానికి పశువుల కొట్టం చూరులో రెండు సత్తుగ్లాసులు దోపి ఉండేవి. వాటిని ఎవరు తాగితే వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. పై నుంచి ధారగా పోసేది, చెంబు అంచు గ్లాసుకు తగలకుండా. పోస్తూనే వాళ్ళ పిల్లల గురించి, జ్వరాల గురించి ఎంతో ఆపేక్షగా అడిగేది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడినాయని నాకప్పుడు తోచలేదు. అది ఇంటి పద్ధతి, అంతే.

ఎర్రకారం నేను మొదట తిన్నది మా ఇంట్లో కాదు, ఆసుపత్రిలో. మా అమ్మకు కడుపులో గడ్డ లేస్తే ఊరి చివర ఒక మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించినాము. నేను బి.కాం. రెండోసారి తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి తోడుగా నన్ను పెట్టినారు. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో, రోగుల బంధువుల కోసం ఒక వంటిల్లు నడిచేది. అక్కడ వండేది రూతమ్మ. పొట్టి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు లారీ కింద పడి చనిపోయినాడు. బడికి పోయే కూతుర్ని ఊళ్ళో తల్లి దగ్గర పెట్టి తాను ఇక్కడ పని చేస్తుండేది. తెల్లవారేసరికి ఆమె రోలు ముందర కూర్చొని, నానబెట్టిన ఎండుమిరపకాయలు, మా వైపు ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు, తెల్లగడ్డలనే వెల్లుల్లి, ఉప్పు వేసి నూరుతుంటే ఆ ఘాటుకు వరండాలో పడుకున్నవాళ్ళందరం దగ్గుతూ లేచేవాళ్ళం. పెనం మీద దోస సగం కాలినాక చేత్తో ఆ కారం పూసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, నెయ్యి కాకుండా చెనక్కాయల నూనె చుట్టూ పోసేది. మొదటి రోజు తిన్నప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు కారినాయి. మరో రెండు అడిగాను.

అమ్మకు డాక్టరు మామూలు తిండి తినొచ్చని చెప్పిన రోజు, నేను ఆ దోస ఆకులో పెట్టుకొని పోయి ఇచ్చాను. ఎవరు చేసినారని అమ్మ మొదట అడిగింది. చెప్పాను. కాసేపు దోస వైపు చూసి, కొంగు తల మీద కప్పుకొని గోడ వైపు తిరిగి తినేసింది. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "అవ్వకు చెప్పబాకురా" అంది. ఆ తరవాత డిశ్చార్జి అయ్యేదాకా రోజూ తిన్నది. ఇంటికి వచ్చినాక ఆ మూడు వారాల తిండి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను ఆ తరవాత జీవితాంతం చేసిన పని ఇదే. ఆ చేతివంట తిని, ఆ చేతిని దాచిపెట్టడం. మొదటి పాఠం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మ గోడ వైపు తిరిగింది, నేను ఊరి వైపు తిరిగి చేశాను.

తిరుపతిలో హోటలు పెట్టాలన్న ఆలోచన బస్టాండులో నిలబడి చూస్తుంటే వచ్చింది. కొండకు పోయే బస్సు కోసం జనం పరుగులు. పిల్లల్ని చంకనేసుకొని, గుండ్లు కొట్టించుకొని వచ్చినవాళ్ళు, కొట్టించుకోబోయేవాళ్ళు. హోటల్లో కూర్చుంటే సర్వరు వచ్చేసరికే బస్సు పోతుంది. కుర్చీలే లేకుండా, నడుము ఎత్తున ఒక నాపరాయి బండ వేసి, దోస పెనం మీది నుంచి నేరుగా ఆకు మీదికి వస్తే, నిలబడి తిని అయిదు నిమిషాల్లో పోవచ్చు కదా అనుకున్నాను. ఫాస్ట్ ఫుడ్ అన్న మాట అప్పటికి నేను వినలేదు. మా నాయన మాత్రం, "నిలబడుకొని తినేదానికి మనుషులేమన్నా గొడ్లా" అన్నాడు. నాకు తెలిసిన రుచి ఒకటే, తెలిసిన వంటమనిషి ఒక్కతే. ఆసుపత్రికి పోయి రూతమ్మను అడిగాను. ఆమె, "తిరుపతిలో నా చేతి కూడు ఎవురు తింటారు నాయనా?" అంది. తింటారులే నువ్వు రా అన్నాను. ఆమె నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. నేను అక్కా అని పిలవలేదు. రూతమ్మా, నువ్వు అనే పిలిచాను. ఆమె నన్ను నాయనా అనేది.

బస్టాండు వెనక వీధిలో ఒక పెద్దాయన ఇంటి ముందు గది దొరికింది. ఆయన్ని అందరూ ఆచార్లవారు అనేవాళ్ళు. బడిపంతులుగా రిటైరైనవాడు, వాళ్ళ వంశంలో కోవెల కైంకర్యం ఉండేది. తెల్లటి మనిషి, తెల్లటి పంచె, నిలువు నామం. మాట మెత్తన. "మాంసం వండకూడదు. వంటింట్లోకి ఎవరంటే వాళ్ళు రాకూడదు. ఈ రెండే నా షరతులు నాయనా" అన్నాడు. రెండో షరతు నాకు బాగా అర్థమైంది. అర్థం కానట్టు తలాడించాను. రూతమ్మ వచ్చిన రోజు నేనే ఆమెకు చెప్పాను. ఇక్కడ నీ పేరు రుక్మిణమ్మ. మెడలో సిలువ రవిక లోపలికి వేసుకో. నుదుటన బొట్టు పెట్టుకో. ఆమె మూడూ విని, "పేరు నీ ఇష్టం. సిలవ లోపలే ఉంటాది. బొట్టు పెట్టను" అంది. కోపంగా చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. అయితే ముందు గదిలోకి రావొద్దు అన్నాను. సరే అంది.

హోటలు నేను అనుకున్నదానికంటే బాగా నడిచింది. మేమిద్దరమే మనుషులం. ఆమె వెనక వంటింట్లో పిండి రుబ్బి, కారం నూరి, దోసలు పోసేది. నేను ముందు ఆకులు వేసి వడ్డించేవాణ్ణి. జనం తగ్గినప్పుడు పెరట్లో బావి దగ్గర గిన్నెలన్నీ వేసుకొని బూడిదతో, కొబ్బరిపీచుతో తోమేవాణ్ణి. "డిగ్రీ చదివినోడివి, బాగానే తోముతుండావే" అని నవ్వేది. ఆ నెలల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇది రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ నిజం. మధ్యాహ్నం కొట్టు మూసినాక ఇద్దరం పెరటి గడప మీద కూర్చొని మిగిలిన దోసలు తినేవాళ్ళం. ఆమె కూతురు ప్రమీల గురించి చెప్పేది, లెక్కల్లో గట్టిదని. పెద్ద చదువు చదివిస్తానని.

ఆచార్లవారు ఎప్పుడూ మా వంటింట్లోకి రాలేదు. ఒకరోజు వచ్చినాడు, ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరైనా చెప్పినారో, కారం వాసనే పిలిచిందో. ముందు జనం నిండుగా ఉన్నారు. ఆయన పక్కసందులోంచి పెరట్లోకి వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడినాడు. నేను ఆకులు తీసుకోవడానికి లోపలికి వచ్చేసరికి, రూతమ్మ రోలు ముందర కారం నూరుతూ తలెత్తి ఆయన్ని చూస్తోంది. ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఏ ఊరమ్మా నీది?" అన్నాడు ఆయన.

ఆమె ఊరి పేరు చెప్పింది.

"ఆ ఊళ్ళో ఎక్కడ ఇల్లు?"

ఆ ప్రశ్నకు అర్థం మా ముగ్గురికీ తెలుసు. రూతమ్మ నా వైపు చూసింది. నన్ను అబద్ధం చెప్పమని కాదు, నిజం చెప్పమనీ కాదు. ఏం చేస్తానో అని చూసింది, అంతే. ముందుగదిలో జనం దోసలు దోసలని కేకలు వేస్తున్నారు. ఆ కొట్టు పోతే నాకు ఇంకేం లేదు. మళ్ళీ చిత్తూరు పోయి నాయన ముందర నిలబడాలి.

"బోకులు తోమే మనిషి సామీ" అన్నాను. "వంట నేనే చేస్తా. కారం మా అవ్వ నేర్పించింది."

"మరి రోట్లో చెయ్యెందుకు పెట్టింది?"

"కడుగుతా ఉండాది సామీ." తరవాత ఆమె వైపు తిరిగి, "ఇంకా ఎంతసేపు కడుగుతావు? అదంతా బయట పారబోసి, ఆ బోకుల సంగతి చూడు" అన్నాను. గొంతు పెంచి అన్నాను. ఆయనకు నమ్మకం కలగాలని.

ఆ రోట్లో ఆ పూటకంతా సరిపోయే కారం ఉంది. తెల్లవారకముందు నుంచి నూరింది. రూతమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి గిన్నెలో వేసుకొని, పెరట్లో అరటి మొదట్లో పోసింది. రోట్లో నీళ్ళు పోసి కడిగింది. తరవాత బావి దగ్గర కూర్చొని, నేను తోమడానికి వేసిన గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆచార్లవారు కదల్లేదు. నేను వండేది చూస్తానన్నట్టు నిలబడినాడు. నేను పెనం మీద దోస పోశాను. అది మా అవ్వ దోసలాగానే అతుక్కుంది. రెండోది కాస్త బాగా వచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "మంచిది" అని వెళ్ళిపోయినాడు. నమ్మినాడో, నమ్మినట్టు ఉండటమే తనకూ సౌకర్యమనుకున్నాడో చెప్పలేను. ఆయన మీద నేరం మోపి నేను తప్పించుకోవాలని లేదు. ఆయన అడిగింది ఒక ప్రశ్న. పారబోయించింది నేను.

ఆయన పోయినాక నేను బావి దగ్గరకు పోయి, "లే రూతమ్మా, ఆయన పోయినాడు" అన్నాను. ఆమె లేవలేదు. చేతిలో ఉన్నది పూర్తిగా తోమి, బోర్లించి, "ముందర జనం ఉండారు, నువ్వు పో" అంది. తప్పయిందని నేను అనలేదు. అనాలని తోచింది. అంటే అది జరిగినట్టు ఒప్పుకోవాల్సి వస్తుందని అనలేదు. సాయంత్రానికి ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం. మామూలుగా మాట్లాడుకోగలగడమే నాకు క్షమాపణ అయిపోయినట్టు అనిపించింది.

ఆ తరవాత ఆచార్లవారు వారానికి రెండు మూడుసార్లు పెరటి వైపు రావడం మొదలుపెట్టినాడు. ఆయన దగ్గు వినపడితే రూతమ్మ పెనం నాకు వదిలి బావి దగ్గరకు పోయేది. ఆయన పోతే తిరిగి వచ్చేది. నెల రోజులు ఇట్లా నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం గడప మీద కూర్చున్నప్పుడు ఆమె, "నీకు నేర్పించేస్తాను నాయనా. రోజూ లేసేదీ కూర్చునేదీ నావల్ల కాదు" అంది. నేను వద్దనలేదు. ఇంకో గది చూస్తాను, ఇంకో వీధికి పోదాం అనలేదు. ఆ మాటలు నా నోటిదాకా కూడా రాలేదు. పది రోజులు పక్కన కూర్చొని నేర్పించింది. మిరపకాయ ఎంతసేపు నానాలి, తెల్లగడ్డ ఎప్పుడు వెయ్యాలి, రోలు చప్పుడు మారితే దేనికి గుర్తు. నా చేతులు మండి బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాసింది. పదకొండో రోజు తన చీరలు రెండూ సంచిలో పెట్టుకొని, పిండి రుబ్బి పెట్టి, మాపటి బస్సుకు ఊరికి పోయింది. నేను బస్టాండుదాకా పోలేదు. కొట్టులో జనం ఉన్నారు.

తరవాతి సంగతి అందరికీ తెలిసిందే. ఒక కొట్టు రెండయింది, చిత్తూరు, పుత్తూరు, నెల్లూరు, మద్రాసు. ఒక పత్రికాయన వచ్చి ఈ కారం ఎవరు నేర్పినారని అడిగితే, ఆచార్లవారికి చెప్పిన జవాబే నా నోట్లోంచి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు అది అబద్ధంలా అనిపించలేదు. మా అవ్వ అప్పటికి పోయింది. ఫోటో వెతికి పెద్దది చేయించాను. మెనూలో దానికి అవ్వ కారం దోస అని పేరు పెట్టాను. బతికి ఉంటే ఆమె ఆ దోసను, ఎవరు నూరిందో తెలిసి, ముట్టేది కాదు. ఇప్పుడు మా హోటళ్ళలో వంటిల్లు అద్దాల వెనకే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. వంటవాళ్ళ చొక్కాల మీద పేర్లు ఉంటాయి. ఎవరూ వచ్చి నీ ఇల్లు ఊళ్ళో ఎక్కడని అడగరు. కాలం మారిందని నేను సభల్లో చెబుతుంటాను. కానీ కిందటేడు ఒక బ్రాంచిలో, వంటవాళ్ళ పేర్ల బిళ్ళల మీద ఇద్దరికి మాత్రం వేరే పేర్లు ఉన్నాయని తెలిసింది. ఎవరు మార్చమన్నారని అడిగితే మేనేజరు, "ఎందుకైనా మంచిదని సార్" అన్నాడు. అతన్ని తిట్టే అర్హత నాకు లేదు.

మట్టికి నేను పోలేదు. కారులో దిగితే అందరూ చూస్తారని సాకు చెప్పుకున్నాను. తరవాత రూతమ్మ ఇంటి ముందర షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టినారని తెలిసి దానికి పోయాను. ప్రమీల ఇప్పుడు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. లెక్కల టీచరు. తల్లిలాగే పొట్టి మనిషి. నన్ను చూసి కుర్చీ వేయించి, "అమ్మ మీ దగ్గర పని చేసిందని చెప్పేది సార్, మీరు వస్తారనుకోలేదు" అంది. నేను ఆమెను పక్కకు పిలిచి, మీ అమ్మ తోమింది బోకులు కాదమ్మా అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పాను. అయిపోయినాక, "మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ ఎర్రకారం నూరలేదు సార్. నేను అడిగితే, నాకు రాదు అనేది. నేను చిత్తూరులో ట్రైనింగు చేసేటప్పుడు మీ హోటల్లోనే తిన్నాను. ఇంత బాగా ఎవురు చేసినారో అనుకున్నాను" అంది. తరవాత, "ఇప్పుడు నాకు చెప్పినది వాళ్ళందరికీ చెప్తారా?" అని షామియానా వైపు చూపించింది.

నేను లేచి నిలబడినాను. ముందు మామూలుగానే మొదలైంది. రూతమ్మగారు మా సంస్థకు చేసిన సేవ అన్నాను. సంస్థ ఎదుగుదలలో అన్నాను. జనం తలలాడిస్తున్నారు, మా మేనేజరు గర్వంగా చూస్తున్నాడు. ప్రమీల మాత్రం తల వంచుకొని చేతుల వైపు చూసుకుంటోంది. అప్పుడు ఆపేశాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పేరు మార్చింది నేను. అవ్వ కారం అని మీరంతా తింటున్నది ఈమె కారం. ఈమె వండితే గిన్నెలు తోమింది నేను, తిరగేసి చెప్పింది నేను. ఇంటాయనతో బోకులు తోమే మనిషి సామీ అన్నదీ, కారం పారబోయమన్నదీ చెప్పాను. వెనక ఒక ముసలాయన లేచి బయటకు వెళ్ళిపోయినాడు. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అన్నాడు.

ప్రమీల కారుదాకా వచ్చింది. ఫోటో తీసేయిస్తాననీ, మీ అమ్మ ఫోటో ఒకటి ఇమ్మనీ అడిగాను. చూస్తాను సార్ అంది. తలుపు మూయబోతుంటే, ఏదో మర్యాదకు అడిగినట్టు, "తిరుపతి నుంచి రావడానికి ఎంతసేపు పట్టింది సార్?" అంది.

"గంటన్నర అమ్మా" అన్నాను.

"అమ్మ నలభై ఏండ్లు ఈ ఇంట్లోనే ఉండింది సార్" అంది.